పియానో నేర్చిన పిల్లలకు మూడు దారులు: కచేరీ, కండక్టింగ్, పాఠాలు

హైదరాబాదులో పియానో నేర్చుకునే పిల్లల్లో చాలామంది ఎనిమిదో తరగతి దాటేసరికి మానేస్తారు. ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు మొదలవుతాయి, సాయంత్రాలు వాటికే పోతాయి. మానకుండా మిగిలిన కొద్దిమందిలో ఎవరో ఒకరు పియానో పరీక్షల్లో గ్రేడ్ 6, గ్రేడ్ 7 పాసై, ఇంట్లో "నేను ఎంపీసీ తీసుకోను, సంగీతమే చదువుతాను" అంటారు. అక్కడి నుంచి ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అమ్మానాన్నలు వచ్చి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "దీంతో రేపు ఏమవుతాడండీ?"

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పియానో దగ్గర బయల్దేరే దారులు ముఖ్యంగా మూడు. కచేరీలు చేసే పియానిస్టు, ఆర్కెస్ట్రానో (వాద్య బృందం) క్వయర్‌నో (కలిసి పాడే బృందం) నడిపించే కండక్టర్, పాఠాలు చెప్పే టీచర్. వీటిని అందరూ పేరు, డబ్బు లెక్కన పోలుస్తారు. పిల్లలకు పాఠాలు చెబుతూ, క్వయర్ నడిపిస్తూ నాకు అర్థమైంది ఏమిటంటే, ముందు చూడాల్సింది వయసు. పియానిస్టు తలుపు అన్నిటికంటే ముందు మూసుకుంటుంది. కండక్టర్ తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది. టీచర్ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. తెరిచే ఉంది కదా అని దాన్ని అందరూ చులకనగా చూస్తారు. మన ఊళ్ళో పిల్లలకు జరుగుతున్న నష్టంలో సగం ఆ చులకన వల్లే.

కచేరీ పియానిస్టు

ముందు గ్రేడ్ల సంగతి చెప్పాలి. పరీక్ష పెట్టే బ్రిటన్ సంస్థ ఏబీఆర్‌ఎస్‌ఎమ్ అయినా, ట్రినిటీ అయినా, గ్రేడ్ 8 పాసవడం మంచి విషయమే. కానీ ఆ సర్టిఫికెట్ పియానిస్టు అవుతాడనే హామీ ఇవ్వదు. ఒక్కో గ్రేడ్ పరీక్షకు మూడు నాలుగు పీసులు (రచనలు) చాలు. మన దగ్గర ఏడాదంతా ఆ మూడు పీసులే వాయించి, పరీక్ష అయిపోగానే తర్వాతి గ్రేడ్ పుస్తకం తెరిచే అలవాటు ఉంది. అలా ఎనిమిదేళ్ళు నడిస్తే చేతిలో మిగిలేది పాతిక ముప్పై పీసులు, వాటిలోనూ సగం మరిచిపోయినవి.

యూరప్‌లో ఒక మంచి సంగీత కళాశాల పియానో సీటుకు ఆడిషన్ పెడితే అడిగేది వేరు. బాఖ్ ప్రెల్యూడ్, ఫ్యూగ్ ఒకటి, మోజార్ట్‌దో బీథోవెన్‌దో పూర్తి సొనాటా, ఒకటి రెండు ఎట్యూడ్‌లు (వేళ్ళ సాధన కోసం రాసిన రచనలు), షోపానో లిస్టో బ్రామ్సో రాసిన పెద్ద రచన ఒకటి, ఇరవయ్యో శతాబ్దపు రచన ఒకటి. ఇవన్నీ సాధారణంగా కాగితం చూడకుండా వాయించాలి. పక్క కుర్చీలో కూర్చునేది ఐదేళ్ళ వయసు నుంచీ వారం వారం గట్టి గురువు దగ్గర నేర్చుకున్న కొరియా, చైనా, రష్యా పిల్లలు. వాళ్ళు పదిహేనేళ్ళకే రోజుకు నాలుగైదు గంటలు సాధన చేస్తారు. మనవాళ్ళు అదే వయసులో స్టడీ అవర్స్‌లో ఉంటారు. అందుకే పియానిస్టు తలుపు ముందే మూసుకుంటుందని అన్నాను. తొమ్మిదో తరగతిలో సాధన ఆపి, ఇంటర్ అయ్యాక మళ్ళీ పట్టుకుందామంటే వేళ్ళు ఒప్పుకోవు.

దీనికి చాలామంది చెప్పే ఎదురు ఉదాహరణ సోవియట్ పియానిస్టు స్వియాతొస్లావ్ రిఖ్టర్. ఆయన 1937లో, 22 ఏళ్ళకు, మాస్కోలో హైన్రిఖ్ నైహౌస్ దగ్గర శిష్యుడిగా చేరారు. అంతకుముందు పద్ధతిగా నేర్చుకున్నది చాలా తక్కువ. నిజమే. అయితే ఆ వయసుకే ఆయన ఒడెస్సా ఆపెరాలో రిహార్సల్ పియానిస్టుగా పనిచేసి, ఆపెరా (పాటలతో నడిచే నాటకం) స్కోర్లు, అంటే అన్ని భాగాలూ రాసిన స్వర పుస్తకాలు, చూసిన వెంటనే వాయించే స్థాయిలో ఉన్నారు. పద్ధతిగా నేర్చుకోలేదు గాని, పియానో ముందు నుంచి లేచింది తక్కువ.

మరి మీ పిల్లలకు ఆ దారి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? నేను మూడు సంగతులు చూస్తాను. ఎవరూ చెప్పకుండా, పరీక్షలో లేని రచనలు తెచ్చుకుని వాయిస్తున్నారా? నెమ్మదిగా, ఒక్కో చెయ్యి విడివిడిగా, నాలుగు కొలతల్ని (బార్లను) అరగంట సేపు సాధన చేయడం వాళ్ళకు విసుగా, ఇష్టమా? వేదిక మీద తప్పు పడితే ఆగిపోతారా, సాగిపోతారా? మూడింటికీ మంచి జవాబు వస్తే పదిహేను, పదహారేళ్ళలోపే పెద్ద గురువు దగ్గరకు చేర్చాలి. చెన్నైలో 2008లో ఎ.ఆర్.రెహమాన్ పెట్టిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ ఉంది, అది ఒక మెట్టు. తర్వాత మాత్రం బయటి దేశమే.

ఖర్చు గురించి అపోహ ఒకటి ఉంది, విదేశీ సంగీత విద్య అంటే కోట్లు అని. జర్మనీలో చాలా ప్రభుత్వ సంగీత విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. కొన్ని చోట్ల ఉంది: బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటున్నారు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే జమ చేసి నెల నెలా కొంత తీసుకునే ఖాతా) చూపాల్సిన మొత్తం 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత సంస్థ 1928 నుంచి ట్యూషన్ తీసుకోవడం లేదు, కానీ అక్కడ సీటు దొరకడం మహా కష్టం. అంటే ఇంజినీరింగ్ ఎంఎస్‌కు పెట్టే డబ్బుతో పోలిస్తే జర్మనీ దారి భారం కాదు. భారమంతా ఆడిషన్‌దే. జర్మన్ భాష కూడా కావాలి, అది మన ఊళ్ళో గోథే సెంట్రమ్‌లో నేర్చుకోవచ్చు.

చదువు అయ్యాక తిరిగి హైదరాబాదు వస్తే కచేరీల మీదే బతకగలరా? బతకలేరు. శిల్పకళా వేదిక, రవీంద్రభారతి లాంటి హాళ్ళు ఉన్నాయి, అలియాన్స్ ఫ్రాన్సేజ్, గోథే సెంట్రమ్ అప్పుడప్పుడు మంచి కార్యక్రమాలు పెడతాయి. వచ్చే శ్రోతలు నిజమైన ప్రేమతోనే వస్తారు. అయినా నెల నెలా ఇల్లు గడిపేటన్ని కచేరీలు ఇక్కడ లేవు. పియానిస్టు కావాలనుకునే పిల్లలు ఊరు వదిలి, బహుశా దేశం వదిలి ఉండటానికి సిద్ధపడాలి. ఈ మాట పదో తరగతిలోనే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

శరీరం గురించి కూడా. రాబర్ట్ షూమన్ చేతి వేలు పాడై పియానిస్టు కాలేకపోయారు, ఆ తర్వాతే స్వరకర్తగా, విమర్శకుడిగా నిలబడ్డారు. అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్‌కు 1960ల మధ్యలో, పేరు శిఖరాన ఉన్నప్పుడు, కుడిచేతి చివరి రెండు వేళ్ళు ముడుచుకుపోవడం మొదలైంది. ఫోకల్ డిస్టోనియా అనే నరాల సమస్య అది. ఆయన ఎడమచేతి రచనలు వాయించారు, కండక్టింగ్ చేశారు, బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత కళాశాలలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. మిగతా రెండు దారులూ తెలిసి ఉండబట్టే ఆయన సంగీతం ఆగలేదు. ఒకే దారి మీద అన్నీ పెట్టే పిల్లలకు నేను ఈ జీవితాన్ని తప్పకుండా చెబుతాను. మణికట్టు నొప్పి వస్తే ఓర్చుకుని వాయించమనే టీచర్ దగ్గర ఒక్కరోజు కూడా ఉంచకండి.

కండక్టర్

కండక్టర్ ఏం చేస్తాడో బయటి నుంచి చూస్తే తెలియదు. మన కర్ణాటక కచేరీలో కండక్టర్ లేడు. వయొలిన్, మృదంగం గాత్రాన్ని అనుసరిస్తాయి, పాడేవారు చేత్తో తాళం వేస్తారు, ముందు వరసలో శ్రోతలూ వేస్తారు. అందుకని కండక్టర్ చేతిని కూడా తాళం అనుకుంటాం. తాళం నడుస్తున్న కాలాన్ని లెక్కపెడుతుంది. కండక్టర్ చెయ్యి రాబోయే స్వరాన్ని ముందే చెప్పాలి. ఎంత వేగం, ఎంత గట్టి, ఎలాంటి ధ్వని అనేవన్నీ శబ్దం పుట్టకముందు గాలిలో చూపాలి.

బీథోవెన్ అయిదో సింఫనీ మొదలు తీసుకోండి. అందరికీ తెలిసిన ఆ నాలుగు స్వరాలకు ముందు, మొదటి కొలతలో మొదట ఉన్నది చిన్న విరామం. అంటే కండక్టర్ చెయ్యి పడిన చోట నిశ్శబ్దం ఉంటుంది, దాని వెంటనే స్వరాలు దూకుతాయి. తీగ వాద్యాలన్నీ, వాటితో క్లారినెట్లూ, ఒక్క సంజ్ఞతో కలిసి మొదలు కావాలి. ఆ వెంటనే నాలుగో స్వరం మీద ఆగాలి, ఎంతసేపు ఆగాలో కండక్టర్ ఇష్టం, మళ్ళీ అందరినీ కలిపి వదలాలి. ఇంట్లో రికార్డింగ్ పెట్టుకుని చేతులు ఊపితే ఇది రాదు. రికార్డింగ్ మీ చేతిని లెక్కచేయదు, అదే వచ్చి మీ చేతిని నడిపిస్తుంది.

పైగా స్కోర్ చదవడం. అదే సింఫనీలో క్లారినెట్ భాగం బి ఫ్లాట్‌లో రాసి ఉంటుంది, కాగితం మీద ఉన్నదానికంటే ఒక పూర్తి స్వరం కింద పలుకుతుంది. హార్న్‌ది మరో లెక్క. వయోలా (వయొలిన్ కంటే కొంచెం పెద్ద వాద్యం) ఆల్టో క్లెఫ్ అనే వేరే గుర్తుతో ఉంటుంది. ఈ వరసలన్నీ ఒకేసారి చూసి, పియానో మీద సారాంశం వాయించగలగాలి. అందుకే కండక్టింగ్ ప్రవేశ పరీక్షల్లో పియానో వాయించమంటారు, చెవి పరీక్ష గట్టిగా పెడతారు. పియానో తెలిసిన పిల్లలకు ఇక్కడే పెద్ద లాభం. జర్మన్ ఆపెరా హౌసుల్లో పాత దారి ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. ముందు గాయకులకు రిహార్సల్ పియానిస్టుగా చేరి, అక్కడి నుంచి మెల్లగా కండక్టర్ అవడం.

ఈ తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది, చాలాకాలం తెరిచే ఉంటుంది. సైజీ ఒజావా పియానో విద్యార్థిగా మొదలై, రగ్బీ ఆటలో వేళ్ళకు దెబ్బ తగిలాక కండక్టింగ్ వైపు తిరిగారు. 1927లో పుట్టిన హెర్బర్ట్ బ్లోమ్‌స్టెట్ తొంభై ఏళ్ళు దాటాక కూడా పెద్ద ఆర్కెస్ట్రాలను నడిపించారు. కానీ మంచి పియానిస్టో, గొప్ప స్వరకర్తో అయినంత మాత్రాన కండక్టింగ్ వస్తుందనుకోకూడదు. షూమన్ 1850లో డ్యుసెల్‌డోర్ఫ్‌లో సంగీత దర్శకుడిగా చేరి మూడేళ్ళకే ఆ పని వదలాల్సి వచ్చింది. మనుషులతో మాట్లాడటం, వాళ్ళను ఒక దారిలో పెట్టడం ఆయనకు అబ్బలేదు. ఇంట్లో ఒంటరిగా గంటలు గంటలు సాధన చేయడం ఇష్టపడే అమ్మాయికి, నలభై మందిని నిలబెట్టి "ఇది మళ్ళీ" అనడం నరకం కావచ్చు. దీనికి తలకిందులుగా ఉండేవాళ్ళూ ఉంటారు. సోలో సాధనకు బద్ధకించే అబ్బాయి నలుగురిని పోగుచేసి పాట నేర్పమంటే పొద్దుగూకే దాకా కదలడు.

అసలు చిక్కు వాద్యం. కండక్టర్ వాద్యం మనుషులే, హైదరాబాదులో జీతమిచ్చే సింఫనీ ఆర్కెస్ట్రా లేదు. ముంబయిలో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రం దగ్గర 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది, దాంట్లోనూ వాయించేవారిలో ఎక్కువమంది విదేశాల నుంచి వచ్చేవారు. పేరున్న కండక్టర్ జుబిన్ మెహతా బొంబాయిలో పుట్టి అంత ఎత్తుకు ఎలా వెళ్ళారంటే, తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు, బొంబాయి సింఫనీని స్థాపించినవారు. ఆర్కెస్ట్రా ఇంట్లోనే ఉంది. అయినా 1954లో వియన్నా వెళ్ళి హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర చదవాల్సి వచ్చింది. సినిమా పని ఉంది కదా అని కొందరంటారు. మన సినిమాలకు పెద్ద స్ట్రింగ్స్ (తీగ వాద్యాల బృందం) కావాలంటే చెన్నైలోనో, బుడాపెస్ట్‌లోనో రికార్డు చేసుకొస్తున్నారు. ఇళయరాజా కూడా 2025 మార్చి 8న తన సింఫనీని లండన్‌లో వినిపించారు.

అయితే ఇక్కడ వాద్యం లేదనడం కూడా పూర్తి నిజం కాదు. సికింద్రాబాద్, అబిడ్స్, రాంనగర్ చుట్టుపక్కల చర్చిల్లో క్వయర్లు ఉన్నాయి. సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ నాలుగు గొంతులు, డిసెంబర్ వస్తే క్యారల్స్. వాటిలో చాలావాటికి స్కోర్ చదివి, గొంతులు సరిచేసి, వాక్యం ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెప్పే మనిషి కావాలి. మీ మతం ఏదైనా సరే, వెళ్ళి అడిగి చూడండి. సంగీతం మీద శ్రద్ధతో వచ్చిన పిల్లల్ని కాదనడం నేను ఇంతవరకు చూడలేదు. గేటెడ్ కమ్యూనిటీలో పదిమంది పిల్లలతో మూడు గొంతుల పాట కట్టినా సరే. కండక్టింగ్ ఇష్టమో కాదో తేల్చుకోవడానికి ఇంతకంటే చవకైన, నిజాయితీ గల పరీక్ష లేదు. పాత రచనల స్కోర్లు చాలావరకు ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ సైటులో ఉచితంగా దొరుకుతాయి, వారానికొకటి పియానో మీద చదివే అలవాటు చేయండి.

టీచర్

"ఏదీ కాకపోతే పాఠాలు చెప్పుకుంటాడు" అనే మాట నాకు బాధ కలిగిస్తుంది. కార్ల్ చెర్నీ బీథోవెన్ శిష్యుడు, లిస్ట్ గురువు. మధ్యలో ఆ టీచర్ లేకపోతే ఆ పరంపర లేదు. రిఖ్టర్‌ను, ఎమిల్ గిలెల్స్‌ను తయారుచేసిన నైహౌస్ కూడా టీచరే. పియానిస్టు క్లారా షూమన్ తొమ్మిదేళ్ళకు లైప్‌జిగ్‌లో వేదిక ఎక్కి, అరవై ఏళ్ళకు పైగా కచేరీలు చేసి, 1878 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాఠాలు కూడా చెప్పారు.

హైదరాబాదులో ఈ మూడింటిలో నిజంగా పని ఉన్నది దీనికే. గచ్చిబౌలి, కోకాపేట, కొండాపూర్ వైపు పియానో నేర్పించాలనుకునే కుటుంబాలు పెరిగాయి. ఐబీ, కేంబ్రిడ్జ్ పద్ధతి బళ్ళలో సంగీతం ఒక సబ్జెక్టు. ఆ బళ్ళలో చేరాలంటే డిగ్రీ గానీ, ట్రినిటీ ఏటీసీఎల్, ఎల్‌టీసీఎల్ లాంటి డిప్లొమా గానీ ఉంటే బలం. సొంతంగా ఇంట్లో చెప్పాలన్నా గ్రేడ్ 8 దగ్గర ఆగిపోవద్దని నా సలహా.

ఆదాయం ఊహించుకోవడానికి ముందు గంటలు లెక్కవేయండి. పిల్లలు దొరికేది సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర. ఐదు రోజులకు 20 గంటలు. శని, ఆదివారాలు ఐదేసి గంటలు పెట్టుకుంటే మరో 10. మొత్తం 30 గంటలు, అంటే 45 నిమిషాల క్లాసులు 40. ఒక్కొక్కరికి వారానికి ఒకటైతే 40 మంది, రెండైతే 20 మంది. అంతకు మించి ఒక మనిషి చేయలేడు. ఇళ్ళకు వెళ్ళి చెప్పేవాళ్ళకు ఇందులో సగం ట్రాఫిక్‌లో పోతుంది. మియాపూర్‌లో ఒకరు, ఎల్బీనగర్‌లో ఒకరు ఉంటే ఆ రోజు రెండే క్లాసులు. అందుకని ఇంటి దగ్గరే ఒక గది, మెట్రోకు దగ్గరగా, ఇది మొదటి పెట్టుబడి. ఈ మధ్య తెల్లవారుజామున ఆన్‌లైన్ క్లాసులు కలిశాయి. మన ఉదయం ఆరు గంటలకు డల్లాస్‌లో వేసవిలో ముందురోజు రాత్రి ఏడున్నర, చలికాలంలో ఆరున్నర. అక్కడి తెలుగు పిల్లలకు తెలుగులో మాట్లాడే టీచర్ కావాలి. ఆన్‌లైన్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది కాబట్టి కలిసి వాయించలేం. మొదలుపెట్టే చిన్నపిల్లలకు నేను ఆ పద్ధతి ఒప్పుకోను.

వేసవి సెలవుల్లో కొత్త పిల్లలు గుంపుగా వస్తారు, జూన్‌లో సగం పోతారు. మార్చిలో పరీక్షలని ఆపేస్తారు. నెల ఫీజుకు బదులు మూడు నెలల టర్మ్ ఫీజు పెట్టిన టీచర్లు నిలదొక్కుకున్నారు.

పని స్వభావం గురించి ఒక్క మాట. పెద్ద పిల్లలకు చెప్పడం కష్టం, చిన్నవాళ్ళకు సులువు అనుకుంటారు. సరిగ్గా తలకిందులు. ఆరేళ్ళ పిల్లకు వేలి మొదటి కణుపు లోపలికి వంగిపోకుండా, భుజం బిగుసుకోకుండా, కాళ్ళు గాలిలో వేలాడకుండా చూడటం, ఆ పైన అరగంట పాటు ఆమెకు ఇష్టం పోకుండా ఉంచడం, ఇది నేర్చుకోవాల్సిన విద్య. మొదటి ఏడాది పాడైన చెయ్యిని సరిచేయడానికి తర్వాత రెండు మూడేళ్ళు పడుతుంది. టీచర్ కావాలనుకునే వాళ్ళు ఒక మంచి టీచర్ క్లాసులో మూల కూర్చుని కొన్ని నెలలు చూడాలి, అడిగి మరీ చూడాలి. ఇంకొకటి, ఉదయం రెండు గంటలు సొంత సాధనకు తాళం వేసి దాచుకోవాలి. లేకపోతే ఐదేళ్ళలో టీచర్ చెయ్యి గ్రేడ్ 5 దగ్గర ఆగిపోతుంది, పిల్లలకు అది వెంటనే వినిపిస్తుంది.

మరి ఎవరికి ఏది

మూడూ కలిసిన మనుషులు లేరా అంటే ఉన్నారు. లెనర్డ్ బెర్న్‌స్టీన్ కర్టిస్‌లో పియానో, కండక్టింగ్ రెండూ చదివారు. 1943 నవంబర్ 14న, 25 ఏళ్ళ వయసులో, జబ్బుపడిన బ్రూనో వాల్టర్ స్థానంలో రిహార్సల్ లేకుండా న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌ను నడిపించారు. 1958 నుంచి 1972 వరకు టీవీలో పిల్లలకు సంగీతం వివరించారు. నాకు ఆ పాఠాలు ఆయన కచేరీలంత విలువైనవి. అయితే మూడింటినీ ఒకేసారి మొదలుపెట్టమని పదిహేనేళ్ళ పిల్లలకు చెప్పకూడదు.

ఆరు, ఏడు తరగతుల్లో ఉంటే ఏమీ నిర్ణయించకండి. గ్రేడ్ల పరుగు తగ్గించి, ఏడాదికి ఒక గ్రేడ్ బదులు రెండేళ్ళకు ఒకటి రాయించి, మధ్యలో ఇరవై చిన్న రచనలు వాయించనివ్వండి. 88 వెయిటెడ్ కీస్ (అసలు పియానోలా బరువు తగిలే మీటలు) ఉన్న వాద్యం ఇంట్లో ఉండాలి. 61 కీల కీబోర్డు మీద గ్రేడ్ 3 దాటించాలని చూడొద్దు.

తొమ్మిది, పది తరగతుల్లో ఉండి పైన చెప్పిన మూడు లక్షణాలూ కనిపిస్తే సాధన గంటలు పెంచండి, ఇంటర్‌కు కార్పొరేట్ కాలేజీ వద్దు, ఓపెన్ స్కూలో తక్కువ ఒత్తిడి ఉన్న కాలేజో చూడండి. పన్నెండో తరగతి సర్టిఫికెట్ మాత్రం తప్పనిసరి, విదేశీ ప్రవేశాలకు అది అడుగుతారు. లక్షణాలు రెండే కనిపించి, మనుషులతో పని ఇష్టమైతే క్వయర్‌లో పెట్టండి, డిగ్రీ ఏదైనా చదవనివ్వండి. కండక్టింగ్ నిర్ణయం ఇరవై ఏళ్ళకు తీసుకున్నా ఆలస్యం కాదు, పియానో చెయ్యి, స్కోర్ చదివే అలవాటు పోకుండా ఉంటే చాలు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉండి, ముప్పై ఏళ్ళకు "ఇది వదిలి సంగీతంలోకి వస్తాను" అనేవాళ్ళూ ఈ ఊళ్ళో తక్కువేం కాదు. వాళ్ళకు కచేరీ దారి చెప్పను. డిప్లొమాకు చదవండి, శని, ఆదివారాలు నలుగురు పిల్లలతో మొదలుపెట్టండి. ఏడాది తర్వాత ఆ నలుగురిలో ముగ్గురు మీ దగ్గరే ఉండి, ఎవరూ అడగకుండా పియానో ముందు కూర్చుంటున్నారని వాళ్ళ అమ్మలు చెబితే, అప్పుడు ఉద్యోగం వదిలే సంగతి ఇంట్లో మాట్లాడండి. ఇద్దరికంటే తగ్గితే ఇంకో ఏడాది మరో టీచర్ క్లాసులో కూర్చుని చూడండి.